గ్యాస్ నొప్పి కాకపోతే? క్లోమం వాపును అత్యవసర విభాగంలో ఎలా పసిగడతారు

రాత్రి విందు భోజనం చేసి వచ్చిన ఒక నడివయసు మనిషికి అర్ధరాత్రి దాటాక పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముకకు కాస్త కింద నొప్పి మొదలైంది. కొద్దిసేపట్లోనే అది భరించలేనంతగా పెరిగి, వీపులోకి గుచ్చుకుపోతున్నట్టు అనిపించింది. వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువవుతోంది, ముందుకు వంగి కూర్చుంటే కొంచెం తగ్గుతోంది. మూడు నాలుగు సార్లు వాంతులయ్యాయి, అయినా ఉపశమనం లేదు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని సోడా తాగించారు, వాము నమిలించారు, ఉన్న మాత్ర ఏదో వేశారు. తెల్లారాక చూద్దామనుకున్నారు.

మన ఇళ్లలో ఇలాంటి రాత్రులు కొత్తేమీ కాదు. చాలాసార్లు అది నిజంగానే అజీర్తి అయి ఉంటుంది, తెల్లారేసరికి తగ్గిపోతుంది. కానీ ఇవే లక్షణాలతో వచ్చే జబ్బుల్లో అక్యూట్ పాంక్రియాటైటిస్ ఒకటి. అంటే క్లోమ గ్రంథి ఉన్నట్టుండి వాయడం. దీని బారిన పడినవాళ్లలో ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురు కొద్ది రోజుల్లో కోలుకుంటారు. మిగిలిన వారిలో జబ్బు ముదిరి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. ఎవరు ఏ కోవకు చెందుతారో మొదటి కొన్ని గంటల్లో చెప్పడం కష్టం. అందుకే దీన్ని త్వరగా గుర్తించడం ముఖ్యం.

తనను తాను జీర్ణం చేసుకునే గ్రంథి

క్లోమం జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ తయారయ్యేది ఇక్కడే. తిన్న అన్నం, పప్పు, నూనె, మాంసాన్ని అరిగించే ఎంజైములను కూడా ఇదే తయారు చేస్తుంది. అమైలేజ్ పిండి పదార్థాన్ని, లైపేజ్ కొవ్వును, ట్రిప్సిన్ మాంసకృత్తులను విడగొడతాయి.

మాంసకృత్తులను విడగొట్టగల ఎంజైమ్ ఆ గ్రంథిని మాత్రం ఎందుకు వదిలేస్తుంది? శరీరం ముందు జాగ్రత్తలు తీసుకుంటుంది కాబట్టి. ట్రిప్సిన్ క్లోమంలో ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో ఉంటుంది. క్లోమనాళం గుండా చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి చేరాక, అక్కడి గోడల్లోని ఎంటరోకైనేజ్ దాన్ని మేల్కొలుపుతుంది. ఎక్కడైనా కొంచెం ట్రిప్సిన్ ముందే మేల్కొన్నా, దాన్ని వెంటనే అణచే నిరోధక ప్రోటీన్లు క్లోమంలో ఉంటాయి. వాటిలో ఒకదాని తయారీకి ఆధారమైన స్పింక్1 జన్యువులో మార్పులు ఉన్నవారికి క్లోమ వ్యాధుల ముప్పు పెరుగుతుంది. దీర్ఘకాలిక క్లోమ వ్యాధి ఉన్న భారతీయ రోగుల్లో ఈ మార్పులను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా గుర్తించారు.

పిత్తాశయం నుంచి జారిన రాయి నాళానికి అడ్డుపడినా, మద్యం క్లోమ కణాలను దెబ్బతీసినా ఈ రక్షణ వ్యవస్థ విఫలం కావచ్చు. ఎంజైములు గ్రంథిలోనే మేల్కొని గ్రంథినే జీర్ణం చేయడం మొదలుపెడతాయి. 1896లోనే హాన్స్ కియారి అనే వైద్య శాస్త్రవేత్త ఈ ‘స్వయం జీర్ణం’ భావనను ప్రతిపాదించాడు. తర్వాత వాపు మొదలవుతుంది, రక్తనాళాల నుంచి ద్రవం చుట్టుపక్కల కణజాలంలోకి కారుతుంది. ఎంజైములు రక్తంలోకి చేరతాయి. రక్తపరీక్షకు ఆధారం ఈ చివరి పరిణామమే.

మూడింట రెండు

ఒక్క పరీక్షతో ఈ జబ్బును తేల్చరు. 1992లో అట్లాంటాలో రూపుదిద్దుకుని, 2012లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణాలను నేడు ప్రపంచమంతటా అనుసరిస్తున్నారు. అవి మూడు ఆధారాలను చెబుతాయి. ఒకటి, పొట్ట పైభాగంలో హఠాత్తుగా వచ్చి తగ్గకుండా ఉండే తీవ్రమైన నొప్పి. ఇది తరచుగా వీపులోకి పాకుతుంది. రెండు, రక్తంలో లైపేజ్ లేదా అమైలేజ్ సాధారణ గరిష్ఠ పరిమితికి కనీసం మూడు రెట్లు ఉండడం. మూడు, సీటీ, ఎంఆర్ఐ లేదా అల్ట్రాసౌండ్ చిత్రాల్లో క్లోమం వాపు లక్షణాలు కనిపించడం. ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా రోగ నిర్ధారణ అయినట్టే.

ఈ నియమంలో ఒక వెసులుబాటు ఉంది. నొప్పి స్పష్టంగా ఉండి, లైపేజ్ మూడు రెట్లు దాటితే స్కానింగ్ కోసం ఎదురుచూడకుండానే చికిత్స మొదలుపెట్టవచ్చు. నొప్పి మొదలై వారం దాటాక వచ్చిన వారిలో ఎంజైములు తగ్గిపోయి ఉండవచ్చు, అప్పుడు స్కానింగ్ సాక్ష్యం చెబుతుంది. స్పృహ లేని రోగి నొప్పి ఎక్కడుందో చెప్పలేడు. అలాంటప్పుడు రక్తపరీక్ష, స్కానింగ్ రెండూ కావాలి.

ముందు గుండె సంగతి

అత్యవసర విభాగంలో పొట్ట పైభాగం నొప్పితో వచ్చిన వారికి సాధారణంగా మొదట తీసేది ఈసీజీ. గుండె కింది భాగానికి వచ్చే గుండెపోటు కొన్నిసార్లు ఛాతీలో కాకుండా పొట్టలో నొప్పిగా, వాంతులుగా కనిపిస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. క్లోమం వాపులో కూడా ఈసీజీలో మార్పులు కనిపించవచ్చు. అందుకే అనుమానం ఉంటే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా చేస్తారు.

జీర్ణాశయంలో పుండు చిల్లుపడితే నొప్పి దాదాపు ఇలాగే మొదలవుతుంది. అప్పుడు నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఉదరవితానం కింద గాలి చంద్రవంకలా కనిపించవచ్చు. దానికి వెంటనే ఆపరేషన్ అవసరం. అదే ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినట్టు కనిపిస్తే, అది క్లోమం వాపు తీవ్రతకు ఒక సూచన. పిత్తాశయం వాపు, పేగుకు రక్తం అందకపోవడం, పేగు మూసుకుపోవడం, పెద్ద ధమని ఉబ్బి చిట్లడం, గర్భం ధరించే వయసు స్త్రీలలో గర్భాశయం వెలుపల గర్భం నిలవడం కూడా వైద్యుల జాబితాలో ఉంటాయి.

అమైలేజ్ నుంచి లైపేజ్ దాకా

అమెరికాలోని బోస్టన్‌కు చెందిన రెజినాల్డ్ ఫిట్జ్ 1889లో ఈ జబ్బును వివరంగా వర్ణించాడు. అప్పట్లో దీన్ని ఖాయంగా చెప్పాలంటే పొట్ట కోసి చూడాలి, లేదా మరణానంతర పరీక్ష చేయాలి. 1908లో జర్మనీకి చెందిన యూలియుస్ వోల్గెముట్ అమైలేజ్‌ను కొలిచే పద్ధతిని వివరించాడు. పిండి కలిపిన ద్రవంలో అయోడిన్ వేస్తే నీలంగా మారుతుంది. అమైలేజ్ ఆ పిండిని కరిగించేస్తే నీలం రంగు పోతుంది. బడి ప్రయోగశాలలో పిల్లలు చేసే లాలాజలం ప్రయోగం వెనుక ఉన్నది కూడా ఇదే సూత్రం. 1929లో సెయింట్ లూయిస్ నగరంలో రాబర్ట్ ఎల్మన్ బృందం, క్లోమ వ్యాధుల నిర్ధారణకు రక్తంలోని అమైలేజ్ ఎలా పనికొస్తుందో చూపించింది.

అయితే అమైలేజ్ ఒక్క క్లోమం సొత్తు కాదు. అన్నం ముద్దను ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించడానికి కారణం లాలాజలంలోని అమైలేజే. కాబట్టి గవదబిళ్లల్లో కూడా అది పెరుగుతుంది. పేగు చిల్లుపడినా, మూత్రపిండాలు పనిచేయకపోయినా, చక్కెర వ్యాధి అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారినా పెరగవచ్చు. పురుగుమందు తాగిన వారిలో లాలాజలం విపరీతంగా ఊరుతుంది, అమైలేజ్ కూడా పెరుగుతుంది. ఆ పెరుగుదల కొందరిలో క్లోమం దెబ్బతినడం వల్ల కూడా కావచ్చు. ఆర్గానోఫాస్ఫేట్ విషప్రయోగ కేసులు తరచుగా వచ్చే మన గ్రామీణ ఆసుపత్రుల్లో ఈ తేడా తెలిసి ఉండడం అవసరం.

లైపేజ్ ప్రధానంగా క్లోమం నుంచే వస్తుంది. కానీ దాన్ని కొలవడం చాలాకాలం కష్టంగా ఉండేది. 1932లో చెర్రీ, క్రాండల్ రూపొందించిన పద్ధతిలో ఆలివ్ నూనెను రక్త ద్రవంతో కలిపి 24 గంటలు వేచి చూడాలి. రాత్రి నొప్పితో వచ్చిన మనిషికి మర్నాడు రాత్రి ఫలితం చెబితే ఉపయోగమేముంది? కోలైపేజ్ అనే సహాయక ప్రోటీన్‌ను కలిపి చేసే ఆధునిక పరీక్షలు వచ్చాక ఫలితం త్వరగానూ నమ్మకంగానూ రావడం మొదలైంది.

ఈ రెండు ఎంజైములు నడిచే తీరు కూడా వేరు. అమైలేజ్ నొప్పి మొదలైన కొన్ని గంటల్లో పెరిగి, సాధారణంగా 3 నుంచి 7 రోజుల్లో మామూలు స్థాయికి దిగుతుంది. లైపేజ్ 4 నుంచి 8 గంటల్లో పెరిగి, సుమారు 24 గంటలకు గరిష్ఠానికి చేరి, 8 నుంచి 14 రోజుల దాకా నిలుస్తుంది. మూత్రపిండాలు వడకట్టిన లైపేజ్‌ను తిరిగి పీల్చుకోవడం ఇందుకు ఒక కారణం. ఊళ్లో రెండు మూడు రోజులు మందులు వాడి, తగ్గక నాలుగో రోజు పట్నం ఆసుపత్రికి వచ్చేవారిలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. అమైలేజ్ అప్పటికే దిగిపోయి ఉండవచ్చు. లైపేజ్ ఇంకా జాడ చెబుతూనే ఉంటుంది. అందుకే వీలున్నచోట లైపేజ్‌కే ప్రాధాన్యం ఇస్తారు. రెండూ కలిపి చేయించినంత మాత్రాన ఒరిగేది తక్కువ.

అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఒక ప్రయోగశాల నివేదికలో లైపేజ్ 190 అని ఉందనుకుందాం. అది ఎక్కువా, తక్కువా? ఆ ప్రయోగశాల గరిష్ఠ పరిమితి 60 అయితే మూడు రెట్లు అంటే 180. కాబట్టి 190 ముఖ్యమైన ఫలితం. ఇంకో ప్రయోగశాల పద్ధతిలో గరిష్ఠ పరిమితి 160 అయితే అదే 190 స్వల్పమైన పెరుగుదల మాత్రమే. అందువల్ల అంకెను దాని పక్కన ముద్రించిన పరిమితితో కలిపే చదవాలి. ఒక ఆసుపత్రి ఫలితాన్ని ఇంకో ఆసుపత్రి ఫలితంతో నేరుగా పోల్చడం పొరపాటు.

మూడు రెట్లనే గీత ఎందుకు? మూత్రపిండాల జబ్బు, పిత్తాశయం వాపు, పేగు అవరోధం వంటి ఇతర స్థితుల్లో కూడా లైపేజ్ కొంత పెరుగుతుంది. పరిమితి దాటిన ప్రతి ఒక్కరినీ క్లోమ రోగిగా లెక్కిస్తే అసలు జబ్బు మరుగున పడుతుంది. గీతను పైకి జరిపితే ఆ పొరపాట్లు తగ్గుతాయి. అలాగని మూడు రెట్లు లేదు కాబట్టి జబ్బు లేదనీ కాదు. పరీక్ష మరీ ముందుగా చేసినా, మరీ ఆలస్యంగా చేసినా, దీర్ఘకాలిక వ్యాధితో క్లోమం ముందే పాడైపోయినా ఎంజైములు అంతగా పెరగకపోవచ్చు. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినవారి రక్త ద్రవం పాలలా తెల్లగా ఉండి అమైలేజ్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది, ఫలితం మామూలుగా వస్తుంది. నమూనా పాలలా ఉందని ప్రయోగశాల సిబ్బంది ఒక్క మాట రాస్తే అది వైద్యుడికి విలువైన ఆధారం.

ఇంకో అపోహ కూడా ఉంది. లైపేజ్ రెండు వేలు దాటిందని కుటుంబసభ్యులు బెంబేలెత్తుతారు, ఐదువందలే ఉందని ఊరట చెందుతారు. నిజానికి ఆ అంకెకూ జబ్బు తీవ్రతకూ నేరు సంబంధం లేదు. నిర్ధారణ అయ్యాక రోజూ లైపేజ్ చేయించడం వల్ల చికిత్స మారదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

మూత్రంతో చేసే ఒక సులువైన పరీక్ష కూడా ఉంది. ఫిన్లాండ్ పరిశోధకులు 1997లో పొట్టనొప్పితో వచ్చిన 500 మందిపై మూత్రంలోని ట్రిప్సినోజెన్-2ను పట్టే పట్టీని పరీక్షించారు. నిమిషాల్లో ఫలితమిచ్చే ఈ పట్టీతో, ముఖ్యంగా జబ్బు లేదని చెప్పడంలో మంచి ఫలితాలు వచ్చాయి. అయినా అట్లాంటా ప్రమాణాల్లో దీనికి చోటు దక్కలేదు.

స్కానింగ్ ఎప్పుడు, ఏది

జబ్బు నిర్ధారణ అయిన దాదాపు అందరికీ అల్ట్రాసౌండ్ చేస్తారు. ఇది క్లోమాన్ని చూడడానికి కన్నా పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయా అని వెతకడానికే ఎక్కువ ఉపయోగం. వాపు సమయంలో పేగుల్లో గాలి నిండుతుంది. ధ్వని తరంగాలు గాలిని దాటలేవు కాబట్టి వెనుకనున్న క్లోమం తరచుగా కనిపించదు. ‘క్లోమం సరిగా కనిపించలేదు’ అని నివేదికలో రాస్తే, క్లోమం బాగుందని అర్థం కాదు.

సీటీ స్కాన్ బొమ్మ మరింత స్పష్టంగా ఉంటుంది. అయోడిన్ ఉన్న మందును రక్తనాళంలోకి ఎక్కించి తీస్తే, రక్తం అందుతున్న కణజాలం తెల్లగా వెలుగుతుంది, చచ్చుబడిన భాగం నల్లగా మిగులుతుంది. అయితే మొదటి రోజే సీటీ తీయడం అందరికీ మేలు కాదు. కణజాలం చచ్చుబడింది లేనిదీ స్పష్టంగా తెలియడానికి 72 నుంచి 96 గంటలు పట్టవచ్చు. తొలి రోజు తీసిన స్కాన్‌లో బాగానే కనిపించి తర్వాత ముదిరే అవకాశం ఉంది. పైగా రేడియేషన్, ఖర్చు, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో ఎక్కించే మందు గురించిన ఆందోళన కూడా ఉంటాయి. అందుకే నొప్పి, లైపేజ్ రెండూ స్పష్టంగా ఉంటే తొలి సీటీని వాయిదా వేస్తారు. నిర్ధారణలో సందేహం ఉంటే, పేగు చిల్లు వంటి ప్రాణాంతక స్థితిని తోసిపుచ్చాలంటే, లేదా రోగి పరిస్థితి దిగజారుతుంటే మాత్రం వెంటనే తీస్తారు.

గర్భిణులకు రేడియేషన్ లేని ఎంఆర్ఐ మేలైన మార్గం. పిత్తనాళంలో చిక్కుకున్న చిన్న రాళ్లను చూపడానికి ఎంఆర్‌సీపీ అనే ప్రత్యేక ఎంఆర్ఐ పరీక్ష ఉపయోగపడుతుంది.

కారణం తెలియాలి

ఈ జబ్బుకు ప్రపంచంలో ఎక్కువగా కనిపించే కారణాలు రెండు: పిత్తాశయ రాళ్లు, మద్యం. అందుకే అదే రక్త నమూనాతో కాలేయ పరీక్షలు కూడా చేస్తారు. నొప్పి మొదలైన 48 గంటల్లోపు ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైమ్ లీటరుకు 150 యూనిట్లు దాటితే, కారణం రాయే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటితే అవే కారణం కావచ్చు. కాల్షియం అధికంగా ఉంటే పారాథైరాయిడ్ గ్రంథిని అనుమానించాలి. కొన్ని మందులు, పొట్టకు తగిలిన దెబ్బలు, కొన్ని వైరస్‌లు కూడా కారణాలే. కశ్మీర్‌లో ఏలిక పాములు పిత్తనాళంలోకి దూరి క్లోమాన్ని వాచేలా చేసిన ఉదంతాలను అక్కడి వైద్యులు అల్ట్రాసౌండ్‌తో గుర్తించి నమోదు చేశారు.

కారణం తేలకుండా రోగిని ఇంటికి పంపితే జబ్బు తిరిగి రావచ్చు. రాళ్ల వల్ల వచ్చి తేలికగా తగ్గినవారికి, వీలైతే అదే విడతలో పిత్తాశయం తొలగించే ఆపరేషన్ చేయాలని మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. పిత్తనాళంలో రాయి ఇరుక్కుని జ్వరం, కామెర్లతో ఇన్ఫెక్షన్ వస్తే 24 గంటల్లో ఎండోస్కోపీ ద్వారా నాళాన్ని తెరవాలి.

ముదిరేది ఎవరికి?

లైపేజ్ చెప్పలేని ఈ సంగతిని మామూలు పరీక్షలే కొంతవరకు చెబుతాయి. బైసాప్ అనే లెక్కలో ఐదు అంశాలు ఉంటాయి: రక్తంలో యూరియా నైట్రోజన్ డెసిలీటరుకు 25 మిల్లీగ్రాములు దాటడం, మనిషి మగతగా లేదా అయోమయంగా ఉండడం, శరీరమంతా వాపు స్పందన లక్షణాలు, వయసు 60 దాటడం, ఛాతీలో నీరు చేరడం. ఒక్కోదానికి ఒక పాయింటు. మూడు దాటిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. వాపు స్పందన అంటే జ్వరం లేదా శరీరం చల్లబడడం, నాడి నిమిషానికి 90 దాటడం, శ్వాస 20 దాటడం, తెల్ల రక్తకణాలు బాగా పెరగడం లేదా తగ్గడం. వీటిలో కనీసం రెండు ఉండాలి. థర్మామీటరు, గడియారం, మామూలు రక్తపరీక్ష ఉన్న చిన్న ఆసుపత్రి కూడా ఈ లెక్కలో చాలా భాగం కట్టగలదు.

హెమటోక్రిట్ 44 శాతం దాటితే నాళాల నుంచి ద్రవం కారిపోయి రక్తం చిక్కబడిందని అర్థం. సీఆర్‌పీ 48 గంటలకు లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటడం ఇంకో హెచ్చరిక. చివరికి తీవ్రతను తేల్చేది అవయవాల పరిస్థితి. ఊపిరితిత్తులు, గుండె-రక్తప్రసరణ, మూత్రపిండాల్లో ఏదైనా విఫలమై 48 గంటలు దాటినా కోలుకోకపోతే దాన్ని తీవ్రమైన పాంక్రియాటైటిస్ అంటారు.

త్వరగా నిర్ధారించడం వల్ల రోగికి దక్కేది తొలి గంటల చికిత్స: నొప్పి తగ్గించే మందు, అవసరమైతే ఆక్సిజన్, సెలైన్, దగ్గరుండి గమనించడం. సెలైన్ విషయంలో కూడా అవగాహన మారింది. భారత్, స్పెయిన్, ఇటలీ, మెక్సికో ఆసుపత్రుల్లో జరిగి 2022లో వెలువడిన వాటర్‌ఫాల్ పరీక్షలో, ఎక్కువ వేగంతో ద్రవాలు ఎక్కించిన వారిలో 20.5 శాతం మందికి, మితంగా ఎక్కించిన వారిలో 6.3 శాతం మందికి శరీరంలో ద్రవం అధికమైంది. దాంతో 249 మంది రోగుల తర్వాత ఆ పరీక్షను ముందుగానే ఆపేశారు. ఎంత ఎక్కిస్తే అంత మంచిదన్న పాత నమ్మకం స్థానంలో, కొలిచి ఎక్కించి మళ్లీ పరీక్షించే పద్ధతి వచ్చింది.

ఇంట్లో గమనించాల్సింది

పొట్ట పైభాగంలో హఠాత్తుగా వచ్చి గంటలు గడిచినా తగ్గని నొప్పి, అది వీపులోకి పాకడం, ఆగని వాంతులు ఉంటే గ్యాస్ అనుకుని ఆగకూడదు. దానికి తోడు ఆయాసం, జ్వరం, కామెర్లు, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి. నొప్పి ఏ గంటకు మొదలైందో గుర్తుంచుకుని చెప్పాలి. ఎంజైముల ఫలితాన్ని ఎలా చదవాలన్నది ఆ గంట మీదే ఆధారపడుతుంది. వాడుతున్న మందులు, గతంలో తేలిన పిత్తాశయ రాళ్లు, తాగే అలవాటు దాచకుండా చెప్పాలి. పక్కన బంధువులు ఉన్నారని మద్యం సంగతి దాచిపెడితే, వైద్యులు కారణం వెతుకుతూ పోతారు, జబ్బు మళ్లీ వస్తుంది. పాత నివేదికలు ఉంటే వెంట తీసుకెళ్లాలి.

అర్ధరాత్రి నొప్పితో మొదలైన మనిషి తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి చేరితే, ఒక ఈసీజీ, ఒక రక్త నమూనా, ఒక అల్ట్రాసౌండ్‌తో చాలావరకు సంగతి తేలుతుంది. ఈ మూడూ ఇప్పుడు జిల్లా స్థాయి ఆసుపత్రులకు కొత్త కాదు. ఆలస్యం చాలాసార్లు జరిగేది ఆసుపత్రిలో కాదు, ‘గ్యాసేలే’ అన్న మాట దగ్గరే.